ముహూర్తానికి పొంగిన డీజిలు

మా వైపు కొత్త ఇంట్లో చేరిన రోజున పాలు పొంగిస్తారు. గిన్నె అంచు దాటి తూర్పు వైపుకి పొంగితే ఇక ఆ ఇంటికి తిరుగుండదని నమ్మకం. గిన్నెని తూర్పుకి కాస్త వంచి పెట్టే తెలివిమంతులు కూడా ఉన్నారు, అది వేరే సంగతి. పాలు పొంగించడం నాకు తెలుసు, చాలా ఇళ్ళలో నేనే దగ్గరుండి పొంగించాను. డీజిలు పొంగించడం మాత్రం మా బావగారి దగ్గరే చూశాను.

బావగారంటే మా ఆయనకి పెదనాన్న కొడుకు. మిరప చేల మధ్య నుంచి పెద్ద రోడ్డులో కలిసే దారి మీద పెట్రోలు బంకు ఆయనదే. ఆయన అసలు పేరు ఎవరూ పలకరు. చిన్నా పెద్దా అందరికీ 'బంకుగారు' అంటేనే తెలుస్తుంది. బంకుకి తూర్పున ప్రహరీ గోడ, గోడకి ఇవతల మా పెరడు, పెరట్లో బావి. ఈ తూర్పు అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది అదే.

ముందు ఆ బావి సంగతి చెప్పాలి. మాది పొన్నూరు వైపు. కాలవ నీళ్ళలో పుట్టి పెరిగినదాన్ని. పెళ్ళి చేసి నన్ను ఈ మెట్ట ఊరికి పంపించారు. ఇక్కడ ఎక్కడ బోరు వేసినా ఉప్పు నీళ్ళే. సబ్బు రుద్దితే నురగ రాదు, కందిపప్పు పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కూడా పలుకు పలుకుగానే ఉంటుంది. మంచినీళ్ళు కావాలంటే ఊరవతల చెరువు నుంచి మోసుకురావాలి. అది కోడలి పని. అత్తగారు కోడలిగా ఉన్నప్పుడు ఆవిడ మోసింది, ఇప్పుడు నేను మొయ్యాలి, అంతే. నడుము మీద బిందె, నెత్తిమీద బిందె, ఇంటికొచ్చేసరికి సగం నీళ్ళు నా చీర మీదే ఉండేవి. మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్ళినదాన్ని ఇక రానని కూర్చున్నాను. బావి తవ్వించండి, వస్తాను, లేకపోతే మీ అబ్బాయినే ఇక్కడికి పంపించండి అన్నాను. మా మామగారు పెద్దమనుషుల్ని పంపించాడు, తర్వాత మా ఆయన్ని పంపించాడు, చివరికి బావి తవ్వే మేస్త్రిని పిలిపించాడు.

పెరట్లో తవ్వారు. సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి దించుకుంటూ పోయారు. తీపి నీళ్ళు పడ్డాయి. ఎందుకు పడ్డాయో ఎవరికీ తెలియదు. చుట్టూ ఉప్పు, మధ్యలో ఈ తీపి. మేస్త్రి దోసిట్లో తీసుకొని తాగి, 'మీ కోడలి మొండితనానికి గంగమ్మ కూడా భయపడిందయ్యా' అన్నాడట. అప్పటి నుంచి దాని పేరు కోడలి బావి. నాకే కోడలొచ్చి హైదరాబాదులో కాపురం పెట్టినా అది ఇంకా కోడలి బావే. ఈ ఊళ్ళో సగంమందికి నా పేరు తెలియదు, 'కోడలి బావి ఆవిడ' అంటారు. పొలం అత్తింటివాళ్ళది, ఇల్లు మా ఆయన పేరు మీద ఉంది. ఆ బావి ఒక్కటే నాది. పొద్దున్నే వీధి వీధంతా బిందెలు పట్టుకొని నా పెరట్లోకి వస్తే నాకు మహారాణిలా ఉండేది. అవును, ఉండేది. ఎందుకు దాచుకోవాలి?

బావగారి ఇంట్లో కాఫీ కూడా ఆ నీళ్ళతోనే. బంకులో కుర్రాళ్ళు రోజూ కుండ నింపుకుపోయేవాళ్ళు. నేనెప్పుడూ వద్దనలేదు.

రెండేళ్ళ కిందట ఎండాకాలం మొదట్లో, మిరపకాయలు కల్లాల్లో ఎర్రగా పరిచి ఉన్న రోజుల్లో, బంకులో భూమిలో ఉన్న డీజిలు ట్యాంకు తీసేసి కొత్తది దించాలని కంపెనీ వాళ్ళు చెప్పారు. మాది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలేస్తుంది. ఆ ఉబ్బడం, బీటలెయ్యడం మధ్య పాత ట్యాంకు నలిగి తుప్పు పట్టిందట. చిల్లు పడేలోపే మార్చాలన్నారు. ఇంతవరకూ అంతా బాగానే ఉంది. ఆ పాత ట్యాంకు తుప్పు పట్టి కూడా నా బావి జోలికి రాలేదు. ఆ పుణ్యం కొత్తదే కట్టుకుంది.

కొత్త ట్యాంకు పెద్ద ట్రాలీ మీద వచ్చింది. తిన్నగా రాలేదు, పెదకాకాని వెళ్ళి పూజ చేయించుకొని, పసుపు కుంకుమలు పూసుకొని, నిమ్మకాయల దండ మెడలో వేసుకొని వచ్చింది. క్రేనుతో గోతిలోకి దించారు. చుట్టూ ఇసక నింపాలి, పైన కాంక్రీటు వెయ్యాలి, గొట్టాలు బిగించి ఎక్కడా కారడం లేదని పరీక్ష చెయ్యాలి. ఆ తర్వాతే డీజిలు పొయ్యాలి. కంపెనీ ఆఫీసరు ఈ ముక్క నా ముందే చెప్పాడు. గోడ మీద నుంచి చూస్తున్నాను లెండి, అంత పెద్ద వింత పక్కింట్లో జరుగుతుంటే చూడకుండా ఎవరుంటారు?

"ఇంకో పది రోజులన్నా పడుతుందండీ" అన్నాడు ఆఫీసరు.

"పది రోజులా! ఈలోపు మూఢం వచ్చేస్తుంది కదండీ" అన్నాడు బావగారు.

మూఢం అంటే శుభకార్యాలు చెయ్యకూడని రోజులు. పెళ్ళిళ్ళు ఆగిపోతాయి, గృహప్రవేశాలు ఆగిపోతాయి. ట్యాంకులు ఎందుకు ఆగాలో నాకు అర్థం కాలేదు. ఆఫీసరుకీ అర్థమైనట్టు లేదు. కానీ ఎండలో నిలబడి వాదించే ఓపిక ఆయనకి లేదు. బావగారు కొబ్బరి బోండాం తెప్పించాడు. బోండాం అయ్యేసరికి ఆఫీసరు 'సరే, జాగ్రత్తగా కానివ్వండి, గొంతు దాకా మాత్రం నింపకండి, పైన గాలికి కొంత ఖాళీ ఉండాలి' అన్నాడు. బావగారు బుద్ధిగా తలూపాడు. ఆ తలూపడం నాకు తెలుసు. మా అత్తవారి వంశంలో మగవాళ్ళందరూ అలాగే ఊపుతారు, తర్వాత తాము చేసేదే చేస్తారు.

ముహూర్తం పొద్దున తొమ్మిది దాటాక పెట్టారు. బంకు ముందు షామియానా వేశారు. సన్నాయి మేళం పిలిపించారు. పులిహోర, కేసరి, కారప్పూస. ఊళ్ళో పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుని తుళ్లూరు స్థలాల రేట్లు మాట్లాడుకుంటున్నారు. 'సెల్ ఫోన్ వాడరాదు' అన్న బోర్డు పక్కనే నిలబడి అందరూ ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. ఆ మొత్తం తతంగంలో భయపడ్డ మనిషి ఒక్క పంతులుగారే. పాపం ఆయన పళ్ళెంలో కర్పూరం పెట్టుకొని, గోతి వైపు చూసి, మళ్ళీ పళ్ళెం వైపు చూసి, "హారతి ఇక్కడ వద్దండీ, నా పిల్లలు చిన్నవాళ్ళు" అన్నాడు. బావగారు నొచ్చుకున్నాడు. హారతి లేని పూజేమిటని. చివరికి ఎవరో కొట్టుకి పరిగెత్తి బ్యాటరీతో వెలిగే ప్లాస్టిక్ ప్రమిద తెచ్చారు. పంతులుగారు దానితోనే హారతిచ్చాడు, మేమందరం దాన్నే కళ్ళకద్దుకున్నాం. చేతికి వెచ్చగా కూడా తగల్లేదు.

ఇక అసలు ఘట్టం. గోతిలో ట్యాంకు చుట్టూ ఇసక సగం దాకానే పడింది. ట్యాంకు నోరు మాత్రం పసుపు రాసి, మామిడాకులు కట్టి ముస్తాబు చేశారు. డీజిలు తెచ్చిన ట్యాంకరు లారీ పక్కన ఆగి ఉంది. దాని వెనక వాల్వు ఉంటుంది, అది తిప్పితేనే డీజిలు గొట్టంలోకి దిగేది, ఆగేది. ఆ వాల్వుని కూడా వదల్లేదు, చామంతి దండలు చుట్టచుట్టగా వేశారు. నేను గోతి దగ్గరికెళ్ళి చూశాను. ట్యాంకు నోటి దగ్గర నుంచి గట్టు దాకా రేకు వేసి, అక్కడి నుంచి తూర్పు వైపుకి మట్టిలో చిన్న కాలవ తీసి ఉంది. గోడ మొదలు దాకా తీసి ఉంది.

"ఇదేంటి బావగారూ?" అన్నాను.

"పాలు పొంగిస్తాం గదమ్మా, ఇదీ అంతే. యాపారం పొంగాలంటే తొలిలోడు కాస్త పొంగాల. ఎక్కువేం కాదు, గరిటెడు. తూర్పుకి పారాలని దారి పెట్టించా."

"అది పాలు కాదు కదండీ."

"లక్ష్మే గదా" అన్నాడు. పక్కనున్న పెద్దమనుషులు 'అవును, లక్ష్మే' అన్నారు.

మా ఆయన నా చెయ్యి పట్టుకొని పక్కకి లాగాడు. "శుభమా అని జరుగుతుంటే నీకెందుకే" అన్నాడు. మా ఆయన మంచివాడు. ఆ మంచితనం వల్లనే నాకు బీపీ వచ్చింది.

ట్యాంకరు డ్రైవరు వాల్వు తిప్పాడు. డీజిలు దిగుతోంది. అది ఒక పట్టాన నిండదు, పెద్ద ట్యాంకు. డ్రైవరుని ఎవరో పిలిచి పులిహోర విస్తరాకు చేతికిచ్చారు. శుభకార్యానికి వచ్చినవాణ్ణి తినకుండా ఎలా ఉంచుతాం? అతను షామియానా నీడలోకి వెళ్ళి తింటున్నాడు. ట్యాంకు నోట్లో ముందు గుడగుడమంది. తర్వాత నురగ. తర్వాత నిజంగానే పొంగింది. పసుపు రాసిన అంచు దాటి, మామిడాకుల్ని తడుపుకుంటూ, తీసిపెట్టిన కాలవలో బుద్ధిగా తూర్పుకి పారింది. "పొంగింది! పొంగింది!" అని బావగారు చిన్నపిల్లాడిలా ఎగిరాడు. జనం అక్షింతలు వేశారు. డీజిలు మీద పసుపు బియ్యం తేలాయి.

గరిటెడు అయ్యింది. బిందెడు అయ్యింది. ఆగడం లేదు. ఆఫీసరు కుర్చీలో నుంచి లేచి, అందరి తలల మీదుగా కనిపించేలా చెయ్యి పైకెత్తి "ఆపండి! ఆపండి!" అని అరిచాడు.

మేళగాళ్ళు జీవితంలో ఎన్ని పెళ్ళిళ్ళు చేయించి ఉంటారు! శుభముహూర్తంలో పెద్దమనిషి ఎవరైనా చెయ్యి పైకెత్తితే వాళ్ళకి ఒకటే అర్థం, గట్టిమేళం. డోలు పగిలిపోయేలా మొదలుపెట్టారు. ఆఫీసరు అరుపు అందులో కలిసిపోయింది. ఆయన ఇంకా గట్టిగా చేతులూపాడు, వాళ్ళు ఇంకా గట్టిగా వాయించారు. ఆయన రెండు చేతులూ ఎత్తాడు. సన్నాయి ఊదేవాడు కళ్ళు మూసుకొని, సన్నాయిని ఆకాశానికెత్తి వాయించాడు. అక్షింతలు మళ్ళీ పడ్డాయి, ఈసారి ఆఫీసరు మీద కూడా. డ్రైవరు ఈ సందడి చూసి, 'బాగా చేస్తున్నారే' అన్నట్టు నవ్వుతూ ఇంకో ముద్ద పెట్టుకున్నాడు.

చివరికి ఆఫీసరు పరిగెత్తుకెళ్ళి అతని విస్తరాకు లాగి పారేస్తే గానీ అతనికి విషయం తెలియలేదు. అతను లారీ దగ్గరికి ఉరికాడు. వాల్వు ఎక్కడుంది? చామంతి దండల్లో ఉంది. దారాలతో బిగించి కట్టారు, తెగవు. పంటితో కొరికాడు. అప్పటికి కాలవ నిండి, ఒడ్డు దాటి, ఇసక సగమే నిండిన గోతిలోకి ధారగా దిగుతోంది. ఎంత పోయిందో తెలియదు. ఎంత పోయినా గోతిలో చుక్క నిలవలేదు. ఇసక తాగింది, ఇసక కింద ఉన్న నల్లరేగడి బీటలు తాగాయి.

అందరూ గోతిలోకి తొంగి చూశారు. ఒకాయన చేతులు జోడించి, "భూదేవి ఆరగించిందయ్యా" అన్నాడు. బావగారి కళ్ళు చెమర్చాయి. ఆ సాయంత్రానికి ఊళ్ళో ప్రతి ఫోనులోనూ స్టేటస్ అదే, 'మన బంకు పొంగింది' అని పైన రెండు దండాలు.

"బావగారూ, అదంతా ఎటు పోయింది?" అని నేనడిగాను.

"ఎటు పోద్దమ్మా, భూమిలోకే గదా" అన్నాడు. భూమి అంటే అక్కడితో ఆఖరన్నట్టు.

తర్వాత కొన్నాళ్ళకి ఒక పొద్దున బావిలో చేద వేసి లాగితే నీళ్ళ మీద సన్నటి రంగుల పొర కదిలింది. కాస్త నీలం, కాస్త గులాబీ. వాసన చూశాను. ఒంపేసి మళ్ళీ తోడాను. మళ్ళీ అదే. కాదులే, నా భ్రమే అనుకొని పప్పు వండాను. పప్పు మెత్తగా ఉడికింది, ఎప్పటిలాగే. మూత తీస్తే ట్రాక్టరు ఆగినట్టుంది ఇంట్లో. మా ఆయన కలుపుకొని తిన్నాడు.

"ఎట్టా ఉంది?"

"ఉప్పు తగ్గిందనుకుంటా" అన్నాడు.

ఆయనతో పని కాదని నేనే బంకుకి వెళ్ళాను. బావగారు ఏసీ గదిలో ఉన్నాడు. చెప్పాను. ఆయన నవ్వాడు.

"మిరపకాయల రోజులమ్మా ఇవి. ఆ ఘాటుకి ఊరందరి ముక్కులూ చెడిపోయినయ్యి. నీ ముక్కు కూడా అట్టానే చెడింది."

"చెడితే వాసన రాకూడదు కదండీ. వస్తుంటే చెడడమెట్టా అవుద్ది?"

దానికాయన పెద్దమనుషుల్ని పిలిపించాడు. అదే షామియానాలో కూర్చున్న పెద్దమనుషులే. నేను ఫోను తీసి ఆ రోజు వీడియో చూపించాను. కాలవ ఎటు పారిందో, ఎంత పారిందో అందులో ఉంది, ఆ చివర మా గోడ కూడా ఉంది. ఒకాయన కళ్ళజోడు పెట్టుకొని చూసి, "ఇది మంగళకరమైన వీడియో గదమ్మా, దీన్ని సాక్ష్యం అంటావేంటి, అశుభం" అన్నాడు. ఇంకొకాయన అందులో తాను బాగా పడలేదని బాధపడ్డాడు.

సరే, నీళ్ళు చూద్దాం అన్నారు. చెంబుతో తెచ్చి బల్ల మీద పెట్టాను. వాసన చూశారు. ఒకాయన నెయ్యి కొనేటప్పుడు చూసినట్టు వేలితో తీసి అరచేతికి రాసుకొని చూశాడు. ఎవరూ నోరు మెదపలేదు. మెదిపితే ఎట్టా? డబ్బాల్లో డీజిలు పొయ్యకూడదని బంకులో బోర్డుంది. కానీ మందు కొట్టే ఇంజన్లకి, చేలో నీళ్ళ ఇంజన్లకి డబ్బాల్లో కాకపోతే ఎట్టా పట్టుకెళ్తారు? ఎవరి డబ్బాలో పొయ్యాలో, ఎవరికి బోర్డు చూపించాలో బావగారి ఇష్టం. అంతమంది మగాళ్ళ ముక్కులు ఆయన చేతిలో ఉన్నాయి.

అప్పుడు బావగారు లేచాడు. చెప్పులు విడిచాడు. చెంబులో నీళ్ళు కుడి అరచేతిలోకి ఒంపుకొని, కళ్ళు మూసుకొని, తీర్థం పుచ్చుకున్నట్టు జుర్రున తాగాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. చెయ్యి తలకి రాసుకున్నాడు. కళ్ళు తెరిచి, "అమృతం" అన్నాడు.

నేను చేతిలో ఫోనుతో నిలబడిపోయాను. తాగలేక ఒప్పుకుంటాడని నేననుకున్నాను, తాగి గెలవొచ్చని నాకు తోచలేదు. ఆ మాటకొస్తే ఆయన్ని మెచ్చుకోవాలి. డీజిలు తాగి అమృతం అనడానికి గుండె కావాలి. 'చూశావా అమ్మాయ్, పెద్దాయన తాగి చూపించాడు, ఇంకేం కావాలి' అని లేచారు. రెండో చెంబు అడిగినవాళ్ళు లేరు. మా ఆయన తల వంచుకొని నా వెనకే ఇంటికొచ్చాడు.

నేను ఊరుకోలేదు. నాకు ఊరుకోవడం రాదు. అర్జీ పెట్టాను. ఒక అధికారి వచ్చాడు. జీపు బంకులో ఆపాడు, మా ఇంటికి దారి బావగారినే అడిగాడు, ఆయనే దగ్గరుండి తీసుకొచ్చాడు. అధికారి మా బావి నీళ్ళు ఒక కూల్ డ్రింకు సీసాలో పట్టుకెళ్ళాడు. సీసా ఇంతవరకూ తిరిగి రాలేదు, కబురూ రాలేదు.

పోనీ బావి మొత్తం తోడిద్దాం, కొత్త ఊట పడుతుంది అనుకున్నాను. తోడాలంటే ఇంజను పెట్టాలి. ఇంజనుకి డీజిలు కావాలి. డీజిలుకి మళ్ళీ ఆయన బంకుకే వెళ్ళాలి. డబ్బా పట్టుకొని నిలబడ్డాను. ఆయన కుర్రాడు బోర్డు చూపించాడు. మా ఆయన పొరుగూరు వెళ్ళి తెచ్చాడు. తోడించాం. పెరట్లో పారించిన నీళ్ళకి బెండ మొక్కలు, మల్లె పొద పసుపుపచ్చగా మాడిపోయాయి. బావి మళ్ళీ ఊరింది. ఊరిన నీళ్ళ మీద అదే రంగుల పొర.

ఊరు మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. బావి బాగాలేదని ఒక్క ఆడది నాతో చెప్పలేదు. రావడం మానేశారు, అంతే. ఒకావిడకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి, తోడలేనంది. ఇంకొకావిడ మనవడికి డాక్టరు క్యాను నీళ్ళే పట్టమన్నాడు. మూడో ఆవిడ చేద తాడు చేతులు కోస్తోందంది, నిన్న మొన్నటి దాకా ఆ తాడుతోనే కబుర్లు చెబుతూ పది బిందెలు లాగిన మనిషి. పొద్దున్నే క్యాన్ల ఆటో వీధిలోకి రావడం మొదలైంది. మొదట ఎవరింటి ముందు ఆగేదో చెప్పనా? బావగారి ఇంటి ముందు. అమృతం తాగిన మనిషికి రోజుకి రెండు క్యాన్లు.

పొద్దున్నే పెరట్లో నిశ్శబ్దంగా ఉండేది. గిలక చప్పుడు లేదు, బిందెల చప్పుడు లేదు. నాకు ఏడుపొచ్చేది. బాధ ఒక పాలైతే మంట రెండు పాళ్ళు. మొగుణ్ణి, అత్తమామల్ని, ఊరిని ఎదిరించి తెచ్చుకున్న నీళ్ళు. ఒక సన్నాయి పాట అయ్యేలోపు పోయాయి. అవి పోయాయని ఒప్పుకునేవాడు కూడా లేడు. చచ్చినవాళ్ళకైనా పోయారని చెప్పడానికి నలుగురు వస్తారు.

ఏడాది తిరిగింది. ఈసారి పెట్రోలు ట్యాంకు వంతు. మళ్ళీ గొయ్యి, మళ్ళీ క్రేను, మళ్ళీ షామియానా. ఈసారి పొంగించబోరని విన్నాను. పెట్రోలు ఖరీదైన లక్ష్మి కదా.

ముహూర్తం రోజు పొద్దున క్యాన్ల ఆటో మా ఇంటి ముందు ఆగింది. వీధి ఆడవాళ్ళందరూ ఖాళీ క్యాన్లతో నిలబడి ఉన్నారు. మా ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నాడు. బావగారు పట్టుపంచె కట్టుకొని, ఇత్తడి బిందె చేత్తో పట్టుకొని తనే వచ్చాడు. నేను ఆశ్చర్యపోయాను. అధికారిని తీసుకొచ్చిన రోజు తర్వాత ఆ మనిషి మా గుమ్మం తొక్కలేదు.

"అమ్మాయ్, కాసిని నీళ్ళు కావాల" అన్నాడు.

"నీళ్ళా? ఇదిగో ఆటో ఇక్కడే ఉందిగా బావగారూ."

"క్యాను నీళ్ళు కలశానికి పనికిరావంటున్నాడు పంతులు. బోరు నీళ్ళూ వద్దంట. బావి నీళ్ళే కావాలంట. రోడ్డు పెద్దది చేసేటప్పుడు ఊళ్ళో బావులన్నీ పూడ్చేశారు గదా, ఇంకెక్కడున్నయ్యి?"

చీర చెంగు భుజం చుట్టూ కప్పుకున్నాను, బావగారితో మాట్లాడుతున్నాను కదా మరి.

"ఇస్తాను, దానికేం. కానీ బాగున్నయ్యో లేదో ఒక్క గుక్క తాగి చూసి పట్టుకెళ్ళండి" అన్నాను.

"తాగడానికి కాదమ్మా!" అన్నాడు బావగారు కంగారుగా, చెయ్యి అడ్డం పెట్టి. "దేవుడికే గదా. మనమేమన్నా తాగుతామా ఏంది!"

ఆటో కుర్రాడు క్యాను భుజం మీద పెట్టుకొని అలాగే ఆగిపోయాడు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బావగారికి తనన్న మాట తన చెవిన పడడానికి కాస్త సమయం పట్టింది.

అప్పుడు అరుగు మీద నుంచి మా ఆయన పేపరు దించాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో అన్నయ్య మాటకి ఎదురు మాట్లాడి ఎరగని మనిషి. ఎగతాళికి అనలేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు.

"అదేంటన్నయ్యా, అప్పుడు తలకి కూడా రాసుకున్నావుగా?"

మోకాళ్ళ నొప్పులావిడ ముందు నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది, తర్వాత కొంగు తీసేసి నవ్వింది. ఇక ఆగలేదు, వీధి వీధంతా నవ్వింది. ఆటో కుర్రాడికి ఏమీ తెలియదు, వాడూ నవ్వాడు. బావగారి మొహం కల్లంలో మిరపకాయలా అయిపోయింది.

నేను బిందె తీసుకొని పెరట్లోకి వెళ్ళి, చేద వేసి తోడి, అంచుల దాకా నింపి తెచ్చి ఇచ్చాను. పొంగేలా నింపాను. నాలుగు చుక్కలు ఆయన పట్టుపంచె మీద పడ్డాయి. బిందెని ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకొని, మొహం పక్కకి తిప్పుకొని నడిచి వెళ్ళాడు. ఆ నడక చూస్తే చాలు, ఇంకే అధికారి రిపోర్టూ అక్కర్లేదు.

ఆ రోజు మధ్యాహ్నం మోకాళ్ళ నొప్పులావిడ వచ్చి బావి గట్టు మీద నా పక్కన కూర్చుంది. "మొదటి రోజే తెలిసిందే నాకు" అంది. "నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "ఎట్టా చెప్పను, మా ఇంజను ఉంది గదా" అంది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఇద్దరం గిలక వైపు చూస్తూ కూర్చున్నాం.

ఊరంతా ఇప్పుడు బాహాటంగానే చెప్పుకుంటుంది, డీజిలు కోడలి బావిలోకి దిగిందని. నేను చెప్పింది నిజమేనని అందరూ ఒప్పుకుంటున్నారు. ఒప్పుకుంటే నీళ్ళు తీపి కావు. అంత నవ్వి నవ్వి, ఏడాదిగా పంతానికి మళ్ళీ చెరువు నీళ్ళే మోసుకున్నదాన్ని, ఆ పొద్దున ఆటో కుర్రాడు హారన్ కొడితే నేనూ ఇంట్లోకెళ్ళి ఖాళీ క్యాను తెచ్చుకొని ఆడవాళ్ళ వెనక వరసలో నిలబడ్డాను. వాళ్ళు పక్కకి జరిగి నన్ను ముందు పట్టుకోమన్నారు. ఆ నీళ్ళతో పప్పు పెట్టాను. ఉడికింది, చప్పగా ఉంది. ఇప్పుడు రోజూ అదే తింటున్నాం.